అంబ్రీ సేపుపండ్లు

మొన్న శుక్రవారం ఇక్కడ కతర్ దేశంలోని లుసైల్‌లో ఒక పెద్ద మార్ట్‌కు వెళితే, నాలుగైదు దేశాల సేపుపండ్లు, అదే ఆపిల్ పండ్లు, మైనం పూసినట్టు మెరుస్తూ పేర్చి ఉన్నాయి. మన కాలంవాళ్ళకుండే అలవాటుకొద్దీ ఒకటి తీసి వాసన చూశాను గానీ, ఏ వాసనా లేదు.

కతర్ వచ్చిన తొలి ఏడు ముఐథర్ ప్రాంతంలో ఒక గదిలో మా పెద్దమ్మ కొడుకుతో, ఒక కాశ్మీరీ వడ్రంగితో కలిసి ఉండేవాణ్ణి. ఆ చలికాలం నాకు పచ్చకామెర్లు వచ్చాయి. అన్నం వాసనకే కడుపులో తిప్పేది, మంచినీళ్ళు కూడా నిలిచేవి కావు. త్వరగా లేవకపోతే ఇంటికి పంపిస్తామని కంపెనీవాళ్ళు కబురు చేశాక, పని చేతికి రాకముందే తిరిగి పోవాలేమోనన్న దిగులుతో గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి.

అప్పుడే కాశ్మీరీ భాయ్ సెలవు ముగించుకొని వచ్చాడు. ఇక్కడే మదీనత్ ఖలీఫా ప్రాంతంలో ఉండే వాళ్ళక్క బాలింత. ఆమె కోసమని సొంత తోటలోని అంబ్రీ రకం సేపుపండ్లను ఒక పెట్టెలో ఎండుగడ్డి మధ్య పొదిగి తెచ్చాడు. మూత తీయగానే గదంతా కమ్మని వాసన. కాస్త కోలగా, లేతపసుపు మీద ఎర్రచారలతో ఉన్న పండును కోసి, తెల్లటి ముక్క నా నోటికందించాడు.

“ఖావో భాయ్. యే అంబ్రీ హై, పేట్ మే రహేగా,” అన్నాడు, ఇది కడుపులో నిలుస్తుందని ధైర్యం చెబుతూ.

“తిను తమ్మీ, గింత పట్టుకో. లేకుంటె నిన్ను ఇంటికి తోలిస్తరు,” అని మా అన్న బతిమాలాడు.

కరకరలాడే ముక్క, తేనెలాంటి తీపి, చివర్న పిసరంత పులుపు. అది కడుపులో నిలిచింది. సంగతి తెలిసి, మిగిలినవన్నీ నాకే పెట్టమని వాళ్ళక్క చెప్పి పంపిందట. ఆ పండ్లకు నిల్వ ఉన్నకొద్దీ రుచి పెరిగేది, నేను తిన్నకొద్దీ కోలుకున్నాను. అవి అయిపోకముందే డ్యూటీకి వెళ్ళాను. ఆ తల్లి ముఖం నేనింతవరకు చూడలేదు.

భాయ్ ఎప్పుడో ఇంటికి వెళ్ళిపోయాడు. పోయినేడు ఫోన్ చేసి, అంబ్రీ చెట్లు కొట్టేయించామని మెల్లగా చెప్పాడు. అవి కాపుకు రావడానికి ఏళ్ళూ పూళ్ళూ పడతాయి. రెండుమూడేళ్ళకే కాసే విదేశీ మొక్కలు పెట్టారట భాయ్ కొడుకులు. వాళ్ళను తప్పుపట్టలేను. ఉత్తరం కోసం, సెలవు కోసం, చెట్టు కాపు కోసం ఓపిగ్గా ఎదురుచూసిన కాలం మాది; ఇప్పుడు అంత ఓపిక ఎవరికుంది? ఆ తోట ఇక లేదు. దాని చలవతో లేచి నిలబడ్డ ఒళ్ళు మాత్రం ఈ ఎడారిలో ఇంకా పని చేసుకుంటూనే ఉంది.