చిలుము పట్టించే పని

మా చిన్నప్పుడు అజ్మాన్‌లో మా నాయన రాగికి చిలుము పట్టించేవాడు... వదిలించేవాడు కాదు, పట్టించేవాడు. మా గది వెనక వరండాలో మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్, అందులో దారాలకు వేలాడుతూ రాగి కంకణాలు, లాకెట్లు. మూత తీస్తే వెనిగర్ ఘాటుకు ముక్కు మండేది.

నెల్లూరు దగ్గర మా ఊళ్లో ఆయన కళాయి వేసేవాడు. ఇత్తడి గిన్నెలకు పట్టిన చిలుము గీకి, నవాసారం చల్లి, లోపల తగరం పూయడం పని. ఎనభైల మొదట్లో దుబాయ్ వెళ్లాడు. ఉన్నది అజ్మాన్‌లో అయినా మా ఊరికి అదంతా దుబాయే... అక్కడ నగలు, కళావస్తువులు అమ్మే దుకాణంలో పాలిష్ పనికి కుదిరాడు.

ఆ దుకాణానికి వచ్చే తెల్లవాళ్లు పాత నగలు అడిగేవారు. అసలు పాతవి దొరకడం తగ్గింది. కొత్త రాగికి పాత రంగు తెప్పించగలవా అని కఫీల్, అంటే నాయనకు వీజా ఇచ్చిన దుకాణం యజమాని, అడిగాడు. నాయన తన కళాయి సంచిలోని నవాసారాన్నే ఉప్పుతో, వెనిగర్‌తో కలిపి చూశాడు. రాగి మీద నెమలికంఠం రంగు వచ్చింది.

దుకాణంలో ఆయనతో పనిచేసే జగిత్యాల మామ ఎగతాళి చేసేవాడట.

"ఊర్ల చిలుం గీకి బతికినవ్, ఈడ చిలుం రాసి బతుకుతున్నవ్... గమ్మతున్నదే అన్నా నీ నసీబ్!"

"నీ మొఖానికి రాయకుండానే పట్టింది గదరా" అనేవాడట నాయన.

అమ్మ, నేను విజిట్ వీజా మీద వచ్చాం. గడువు దగ్గర పడింది. నమూనాలు నచ్చితే నాయనను కారీగర్‌గా, అంటే చేతిపని నిపుణుడిగా తీసుకుని, మా ఇద్దరికీ అక్కడే ఉండే వీజా పెట్టిస్తానని కఫీల్ మాట ఇచ్చాడు. శుక్రవారం నమాజు తర్వాత గదికే వచ్చి చూస్తానన్నాడు. ముగ్గురం ఒకచోట ఉంటామా లేదా అన్నది ఆ కంకణాల మీద ఆధారపడింది.

బుధవారం నాయన వాటిని బకెట్లోంచి తీసి, గుడ్డ మీద ఆరబెట్టి పనికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి అన్నీ తళతళలాడుతున్నాయి. అమ్మ చింతపండు, ఉప్పు వేసి తోమేసింది.

"ఏందిమే ఇది?"

"చిలుం పట్టుంటే తోమినానయ్యా. పెద్దమనిషి వస్తుండాడంటివి... ఆయన ముందర ఆ పచ్చటి గిన్నెల మాదిరి ఎట్ట పెడతాం?"

అమ్మకు తెలిసిన నవాసారం శుభ్రం చేసే మందు. బకెట్లో నానుతున్నవి ఇంకా శుభ్రం కాలేదనుకుంది. ఆ చిలుమే కఫీల్ అడిగిన సరుకని నాయన ఆమెకు చెప్పలేదు. చెప్పాల్సిన విషయమని ఆయనకు తోచలేదు.

ఆయన అరవలేదు. కఫీల్‌కు ఆ పచ్చ రంగే కావాలని ఆమెకు చెప్పి, మళ్లీ ఉప్పు, నవాసారం కలిపాడు. అమ్మ ఆ గిన్నె లాక్కుంది.

"వదిలించింది నేను... నేనే పట్టిస్తా. ఎంత పచ్చంగా కావాల్నో చెప్పు."

పుట్టి బుద్ధెరిగాక చిలుము కనిపిస్తే తోమడమే నేర్చుకున్న మనిషి, గుడ్డపీలిక ముంచి ఒక్కో కంకణానికీ అద్దుతూ కూర్చుంది. శుక్రవారం పొద్దుటికి రంగు వచ్చింది. ముందటి కంటే ముదురుగానే వచ్చింది. కానీ అది ఆగస్టు... సముద్రపు ఉక్క. ఉతికిన బట్టలే ఆరడం లేదు.

"రంగు తడి తడిగా ఉండాది మే. ఇంకా ఆరాల. ఆరినాకే మైనం రుద్దాల" అన్నాడు నాయన.

కఫీల్ వచ్చాడు. చాప మీదే కూర్చున్నాడు. అమ్మ చాయ్ ఇచ్చింది. ఆయన ఒక కంకణం తీసి వెలుగులో తిప్పి చూశాడు. "జైన్... వల్లా, బహుత్ జైన్!" అన్నాడు, చాలా బాగుందని. అమ్మ ముఖం విప్పారింది. ఆయన కంకణం చేతికి తొడుక్కుని, మళ్లీ తీశాడు.

మణికట్టు చుట్టూ పచ్చటి వలయం. ఆయన తొడుక్కున్న తెల్లటి పొడుగు అంగీ, కందూరా, చేతి అంచుకు పచ్చటి మరక. తుడిస్తే ఇంకా పాకింది.

ఆయన కోప్పడలేదు. చేయి కడుక్కుని, "లేడీస్ లోగ్ పహనేగా... హాథ్ హరా హోగా, మాల్ వాపస్ ఆయేగా" అన్నాడు. ఆడవాళ్లు తొడుక్కుంటే చేతికి పచ్చ అంటుతుంది, సరుకు తిరిగొస్తుందని. నాయన వీజా సంగతి అడిగాడు.

"బాదైన్" అన్నాడు. తర్వాత చూద్దామని. విజిట్ వీజా తర్వాత దాకా ఆగదు. గడువు ముగిసేలోపు అమ్మ, నేను బొంబాయి విమానం ఎక్కాం.

నాయన ఆ పని వదల్లేదు. చలికాలంలో చేసినవి బాగా ఆరాయి, అమ్ముడుపోయాయి. కఫీల్ కారీగర్‌ను చేశాడు, వీజాకు కూడా ఒప్పుకున్నాడు. ఈసారి అమ్మ ఒప్పుకోలేదు. "వచ్చి ఇంకేం పాడు చేస్తానో" అంది. నాయన సెలవుకు వచ్చి వెళ్లేవాడు. ముగ్గురం ఒకే ఇంట్లో ఉన్నది ఆయన పని మానుకుని వచ్చేశాకే... అప్పటికి నేను ఉద్యోగంలో ఉన్నాను.

తోమిన సంగతి నాయన ఎప్పుడూ ఎత్తలేదు. నేనే ఒకసారి అమ్మకు నచ్చజెప్పబోయాను. నువ్వు వేసిన రంగులో లోపం లేదమ్మా, ఆరకపోవడం వల్ల అలా జరిగిందని. వార్తలు రాసే వృత్తి నాది, కారణం సరిగ్గా చెప్పాలన్నది నా పట్టుదల.

ఆమె అంది... "నేను తోమకపోయుంటే ఆరేది గదమ్మా?"

ఆ మాట అలాగే రాసుకున్నాను.

ఇప్పుడు రాగికి వేసే ఆ రంగు సీసాల్లో అమ్ముతున్నారు. వీజా ఫోన్‌లోకి వస్తోంది. ఊళ్లో ఉన్నవాళ్ల ముఖాలు రోజూ వీడియోలో కనిపిస్తున్నాయి... అప్పట్లో నాయన ముఖం చూడాలంటే సెలవు దాకా ఆగేవాళ్లం.

మీ ఇళ్లలో కూడా దుబాయ్ వెళ్లి, నిలవకుండా తిరిగొచ్చిన అమ్మలుంటే వాళ్లెందుకు వచ్చేశారో అడిగి రాయండి... మనం సవరించిన కారణం కాదు, వాళ్లు చెప్పిందే రాయండి.