గొట్టం మీద తట్టెడు మన్ను

మా పెదమామయ్య పోయారు. పొద్దున్నే నేను పొయ్యి మీద జొన్నన్నం దించుతుంటే మా తోటికోడలు పరుగెత్తుకొచ్చి, "అక్కా, పెదమామయ్య ఎంత పిలిచినా పలకడంలా" అంది. వెళ్లి చూస్తే మంచం మీద పక్కకి తిరిగి పడుకుని ఉన్నారు. చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. రెంటచింతల పక్క ఊళ్లో, ఈ మండు వేసవిలో మనిషి చెయ్యి ఇంత చల్లగా ఉందేమిటా అనుకున్నాను ఒక్క క్షణం. ఆ తర్వాత తెలిసొచ్చింది.

ఆయన మా మామగారి అన్న. భార్య పోయాక మా ఇంట్లోనే ఉండేవారు. తన బావి దగ్గర్నుంచి పశువుల బీడు దాకా ఇనప గొట్టం వేయించిన మనిషిగా ఊరంతా ఆయన్ని ఎరుగును. ఆ గొట్టం ఎందుకు వేశారో మాత్రం మా ఇల్లు దాటి ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. నా నోటి దురుసు వల్ల వేశారు. బతికుండగా ఆయనతో అనలేకపోయిన మాట ఒకటి నాకు ఉండిపోయింది గనక, సిగ్గు విడిచి మీకు చెబుతున్నాను.

మాది తెనాలి వైపు కాలవ గట్టు ఊరు. పెళ్లికి మా నాన్న అరణంగా ఒక చూడి గేదెనిచ్చాడు. మా గేదెలకి నీళ్లంటే గుమ్మం దిగితే ఉండేవి. ఇక్కడ ఎండాకాలం వస్తే ఊరి కుంట పగుళ్లిచ్చేది. మందని బీడు నుంచి ఏటికి తోలి, మళ్లీ తోలుకురావాలి, నాలుగు మైళ్లు పైనే. పల్నాటి గొడ్లకి అది అలవాటు. మా గేదెకి కాదు. ఈనిన రెండు నెలలకి, ఆ మొదటి వేసవిలోనే, ఏటికి పోయే దారిలో కూలబడింది. మళ్లీ లేవలేదు.

ఆ కబురు వచ్చినప్పుడు పెదమామయ్య వసారాలో కూర్చుని చెంబుతో నీళ్లు తాగుతున్నారు. నాకు ఒళ్లు తెలియలేదు. కొత్త కోడలినన్న మాటే మరిచిపోయాను. "గొడ్డుకి గుక్కెడు నీళ్లు పొయ్యలేని వాళ్లకి గొడ్డెందుకు, కోడలెందుకు?" అని అరిచేశాను. మా అత్త నోరు నొక్కుకుంది. మా ఆయన చెయ్యెత్తబోయాడు. పెదమామయ్య, "ఒరేయ్, ఆగరా. ఆ పిల్లన్న దాంట్లో తప్పేముంది?" అని, నోటి దగ్గర చెంబు కింద పెట్టేశారు. సగం నీళ్లు అందులోనే ఉన్నాయి.

ఆ ఏడే పని మొదలుపెట్టారు. ఆయన బావి మెరక మీద ఉంది, బీడు పల్లంలో ఉంది. మోటతో తోడిన నీళ్లు గట్టున తొట్లో నింపితే, గొట్టంలో వాటంతటవే దిగుతాయని ఆయన లెక్క. మాచర్ల రైలుకి గొట్టాలొచ్చాయి, అక్కడ్నుంచి బండ్లమీద తెచ్చారు. బీట్లో నాపరాళ్లు నిలబెట్టి, సున్నంతో అతుకులు పూడ్చి, పొడుగాటి తొట్టి కట్టించారు. గొట్టం పూడ్చడానికి గడ్డపార వేస్తే రాతి మీద నిప్పురవ్వలు లేచాయి గానీ జానెడు కూడా దిగలేదు. చివరికి బండ మీదే పరిచేశారు. కోడి కూసే వేళ లేచి నీళ్లు వదిలి చూశారు. చల్లగా, తేటగా వచ్చాయట. పొంగిపోయి ఊరంతటినీ మధ్యాన్నం రమ్మన్నారు.

అందరం వెళ్లాం. తొట్టికి మామిడాకులు కట్టారు. మంద దాహంతో ఉరికొచ్చి మూతి పెట్టింది, పెట్టినట్టే వెనక్కి లాక్కుంది. పల్నాటి ఎండకి బండ మీది ఇనప గొట్టం పెనంలా కాగి ఉంది మరి. పుట్టినప్పటి నుంచీ ఈ ఎండలో బతికిన మనిషి, ఎండ సంగతే మరిచిపోయి తెల్లారుజామున పరీక్ష చేశారు! జనం పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి ఊరుకున్నానా, "గేదెలకి స్నానానికి వేణ్ణీళ్లు కాచారా మామయ్యా?" అన్నాను.

ఆయన కోప్పడలేదు. గొట్టం మీద చెయ్యి తిరగేసి ఆనించారు, పసిబిడ్డకి జ్వరం చూసినట్టు. "నీళ్లయితే వచ్చినయ్యి గదమ్మాయ్. చల్లార్చే పని మిగిలింది, అంతేగా" అన్నారు.

మర్నాటి నుంచి తట్టతో మన్ను మోసి గొట్టం మీద పొయ్యడం మొదలెట్టారు. రోజుకి పది తట్టలో పదిహేనో. ఎవరన్నా "ఏంది పెద్దాయనా, ఈ వయసులో" అంటే, "గొట్టానికి దుప్పటి కప్పుతుండా" అనేవారు. కొన్నాళ్లకి పశువుల కాపరులకే సిగ్గేసింది. ఆ తర్వాత, బీటికి పోయేవాడెవడైనా సరే, ఒక తట్ట మన్ను మోసుకుపోయి గొట్టం మీద పొయ్యాలన్నది ఊరి రివాజు అయింది. వానాకాలం కొట్టుకుపోయిన మన్ను మళ్లీ ఎండలు ముదిరేలోపు ఎక్కాలి. ఇన్నేళ్లలో ఒక్క వేసవి కూడా ఆగలేదు. ఊళ్లో తట్ట మొయ్యని మనిషిని నేనొక్కదాన్నే. పంతం. గేదె చచ్చాక వచ్చిన నీళ్లు నాకెందుకని.

ఆయన మాత్రం నన్ను వదల్లేదు. చచ్చిన నా గేదె దూడని ఆయనే సాకారు. రోజూ మధ్యాన్నం దాన్ని తొట్టి దగ్గర తాగించి, చెమటలు కక్కుతూ ఇంటికొచ్చి, ముందు నాకే చెప్పేవారు: "అమ్మాయ్, నీళ్లు చల్లగానే వచ్చినయ్యి. ఇంక ఒక చెంబు ఇయ్యి." మంద తాగిందాకా తాను గుక్క మింగేవారు కాదు. నేను చెంబు ఇచ్చేదాన్ని. ఇస్తూ, "ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది మామయ్యా" అనాలని ఎన్నిసార్లు అనుకున్నానో. ఒక్క మాట. దానికి ఇన్నేళ్లలో నోరు పెగల్లేదు. తిట్టడానికైతే రెప్పపాటు పట్టలేదు ఈ నోటికి.

సమాధి దగ్గర మా చర్చి ఫాదర్ గారు ప్రార్థన ముగించాక అందరూ గుప్పెడు మన్ను వేశారు. కాపరులు వేశారు, పిల్లలు వేశారు. నేను మన్ను తీసుకున్నాను గానీ వెయ్యలేకపోయాను. కొంగున కట్టుకుని వచ్చేశాను.

మూడో రోజు తట్ట ఎత్తుకున్నాను. కొంగులో మన్ను కూడా అందులో కలిపాను. మా తోటికోడలు తట్ట నా నెత్తికెత్తి పక్కకి తప్పుకుంది. తొట్టికి నాలుగు బారల ఇవతల గొట్టం కాస్త బయటపడి ఉంది. చెయ్యి తిరగేసి ఆనించి చూశాను. చురుక్కుమంది. మన్ను పోసి, చేత్తో అదిమి, తొట్టి దగ్గరికి వెళ్లాను. ఆయన సాకిన గేదె, ఇప్పుడది ముసలిదైంది, కడుపునిండా తాగింది. తాగి, తలెత్తి, ఆయన వచ్చే దారి వంక చూస్తూ నిలబడింది.

ఇంటికొచ్చేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది. కుండలో చెంబు ముంచాను గానీ తాగబుద్ధి కాలేదు. వసారాలో ఆయన మంచం ఇంకా వేసే ఉంది.

"నీళ్లు చల్లగానే వచ్చినయ్యి మామయ్యా" అన్నాను. చెంబు మంచం పక్కన పెట్టాను.