మా తలుపుల పాటలో మిగిలిన సగం

నా చిన్నప్పుడు మా వాడలో క్రిస్మస్ పాటలు పుస్తకాల్లో ఉండేవి కావు, ఇళ్లలో ఉండేవి. పాలకీడు అవతల మా ఊరు. వాడంతా కూలికి పోయేవాళ్లమే, అందరిదీ ఒకటే చర్చి సంఘం. ఎప్పుడు, ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ ఇంటికో పాట ఉండేది. ఒకరిది గొర్రెల కాపరుల పాట, ఒకరిది జ్ఞానుల పాట. పండుగనాడు పొద్దు పొడవగానే డప్పులతో ఊరేగింపు బయలుదేరి ప్రతి ఇంటి ముందూ ఆగేది. ఆ ఇంటి మనిషి గడపలో నిలబడి తన పాట ఎత్తుకోవాలి, వాడంతా అందుకోవాలి. ఒకరి పాట ఇంకొకరు ఎత్తుకోవడానికి లేదు. ఎత్తుకుంటే కొట్లాటే! బోరింగు దగ్గర బిందె పక్కకు జరిపినా ఊరుకునేవాళ్లు గానీ, పాట జోలికొస్తే మావాళ్లు అస్సలు ఊరుకునేవాళ్లు కాదు.

మా ఇంటిది తలుపుల పాట. మా నాయన తల్లి, మేమంతా అవ్వ అనేవాళ్లం, ఆమె దాన్ని పాడేది. నిండు నెలల మరియమ్మ ఇల్లిల్లూ తిరిగి చోటు అడుగుతుంది. అవ్వ "తలుపు తీయరమ్మా" అని పిలిస్తే, వాడంతా ఆ పెద్దిళ్లవాళ్లయిపోయి "తీయలేమమ్మా" అని జవాబు చెప్పాలి. ఒక ఇంట్లో చుట్టాలున్నారంటారు, ఒక ఇంట్లో మైల అంటారు, ఒక ఇంట్లో కుక్కను ఉసిగొల్పుతారు. సగం పాట అలా మూసిన తలుపుల ముందే నడుస్తుంది. మిగిలిన సగంలో, నాట్లు వేసి వచ్చిన ఒక కూలిమనిషి కాళ్ల బురదైనా కడుక్కోకుండా తన గుడిసె తలుపు తీస్తుంది. అక్కడ వాడ జవాబు మారిపోతుంది. "తీసినమమ్మా, రావమ్మా" అని అందరూ ఒక్కసారి అందుకునేవాళ్లు. ఆ మాట దగ్గర నడుం వంగిన ముసలివాళ్లు కూడా గంతులేసేవాళ్లు. ఆ తలుపు తీసింది మేమేనని మా అందరికీ గట్టి నమ్మకం.

ఒక ఏడాది పండుగ ముందర పట్నం నుంచి ఒక సారు జీపులో వచ్చాడు. పండుగ పాటలన్నీ టేపులకెక్కించి ఏదో సంగీత భాండాగారంలో దాచిపెడతారట. వాడ వాడంతా సంబరపడిపోయింది. చర్చి ముందు పందిరి వేసి, ఆ మిషనును బల్లమీద పెట్టి, అందరినీ వరసగా కూర్చోబెట్టారు. పక్కింటి అక్క, అప్పుడే పెళ్లయి వచ్చిన కొత్తకోడలు, వాళ్ల అత్త నేర్పిన చుక్క పాటను ఎంత బాగా పాడిందంటే, ఆ సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

మా అవ్వ నన్ను వెంటబెట్టుకుని అందరికన్నా ఆఖరున వెళ్లింది. పాడింది. కుక్కను ఉసిగొల్పే ఇంటిదాకా పాడి, టక్కున ఆపేసింది. సారు ఇంకా ఉందా అని అడిగితే, "లేదు బాంచెన్, గంతే" అంది. నాకు నోరు ఊరుకుంటుందా! "ఉన్నది గదనే అవ్వా" అని లేవబోయాను. అవ్వ నా తొడమీద గిచ్చిన గిచ్చుడుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వాడవాళ్లందరికీ తెలుసు పాట ఇంకా ఉందని. కానీ ఎవరి పాట వాళ్లిష్టం, సారుకు ఎవరూ చెప్పలేదు. తర్వాత మాత్రం నవ్వారు. పాట దగ్గర కూడా ఈ ముసలిదానికి పిసినారితనమే అని వాడంతా ఒకటే మాట.

ఇంటికొచ్చాక నేను అలిగి అన్నం ముట్టలేదు. అందరి ముందర మా ఇంటి పరువు పోయిందని నా ఏడుపు. అవ్వ పక్కన కూర్చుని నా తొడమీద కొబ్బరినూనె రాస్తూ చెప్పింది.

"పూరా ఇచ్చేస్తే రేపు నువ్వు నేర్సుకుంటవానె? మిషిన్ల ఉన్నది గద అంటవ్. జర సూడు, ఇగ వీళ్లంత గట్లనే అంటరు."

నాకేం అర్థం కాలేదు. మిగతా సగం మాత్రం ఆ రోజే కూర్చోబెట్టి నేర్పింది. జవాబుతో సహా నేర్పింది.

ఆ సారు మంచివాడే, తప్పనలేను. సంఘానికి ఒక కాసెట్టు పంపించాడు. తర్వాతి పండుగకు చర్చివాళ్లు టేపురికార్డరు తెచ్చారు. ఊరేగింపు ముందు ఎడ్లబండి, బండిమీద టేపురికార్డరు, దానికో మైకు. ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంటి పాట పెట్టేవాళ్లు. మావాళ్లు తమ గడపల్లో తామే చేతులు కట్టుకుని నిలబడి, తమ గొంతులు తాము విని మురిసిపోయారు. డప్పులు కూడా ఆపేశారు, మైకు వినబడదని! రేడియోలో వచ్చినట్టు వస్తోందని ఒకరికొకరు చెప్పుకున్నారు.

పక్కింటి అక్క గడప ముందుకు వచ్చేసరికి బ్యాటరీలు అయిపోయాయి. గొంతు సాగి సాగి ఆగిపోయింది. ఏముంది, నువ్వు పాడు అన్నారు. అక్క ఎత్తుకుంది. మొదటి చరణం వచ్చింది. రెండోది రాలేదు. మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది, మళ్లీ అక్కడే ఆగింది. వాళ్ల అత్త ఆ వానాకాలంలోనే పోయింది, అందించేవాళ్లు లేరు. ఏడాది పొడుగునా ఒక్కసారి కూడా పాడుకోలేదు పాపం, ఎందుకు పాడుకుంటుంది? కాసెట్టులో భద్రంగా ఉందిగా. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లి తలుపేసుకుంది. పండుగపూట ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. మా అవ్వ బెల్లమన్నం గిన్నె పట్టుకెళ్లి ఆ తలుపు ముందు చాలాసేపు నిలబడింది.

ఆ రోజు నాకు అవ్వ మాట అర్థమైంది. దాచిపెట్టిన పాటను మనుషులు మరిచిపోతారు. మరిచిపోవాలని కాదు, ఉంది కదా అన్న ధీమాతో. మా ఇంటి ముందు మాత్రం అవ్వ ఉన్నన్నాళ్లూ కాసెట్టు సగంలో ఆగేది, అక్కణ్నుంచి ఆమె అందుకునేది. వాడ జవాబు చెప్పేది. ఆ కాసేపు అందరికీ ప్రాణం లేచివచ్చేది.

తర్వాత అవ్వ పోయింది. వాడవాళ్లు సిమెంటు ఫ్యాక్టరీలకనీ, చదువులకనీ తలా ఒక దిక్కు పోయారు. నేను టీచరునై మిర్యాలగూడలో స్థిరపడ్డాను. ఇప్పుడు వాడలో పండుగకు పెద్ద స్పీకర్లు తెచ్చి సినిమా వరసల పాటలు పెడుతున్నారు. ఇంటి పాట అంటే పిల్లలు నా మొహంకేసి చూస్తారు.

పోయిన క్రిస్మస్ ముందు ఆ భాండాగారంవాళ్లే సూర్యాపేటలో ఒక గ్రంథాలయం హాలు తీసుకుని మా వాడ కుటుంబాలన్నిటినీ పిలిచారు. పాత టేపులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించారట, అందరూ కూర్చుని వినాలట. రంగుకాగితాలు, నక్షత్రాలు, కేకు, సమోసాలు, ఏ లోటూ చేయలేదు. ఎన్నో ఏళ్ల తర్వాత అందరం ఒకచోట కలిశాం. పక్కింటి అక్క ఇప్పుడు లేదు. కోదాడలో ఉండే ఆమె మనవరాలు నాయనమ్మ గొంతు వినగానే వెక్కివెక్కి ఏడ్చింది. "ఈ పాట నా ఫోన్లో వేసివ్వండి మేడం, మా పిల్లలకి వినిపించాలి" అని భాండాగారం అమ్మాయిని బతిమాలుకుంది. నిజం చెబుతున్నాను, కుళ్లుకున్నాను. మా అవ్వ గొంతు వచ్చింది. కుక్కను ఉసిగొల్పారు. ఆగిపోయింది. అవ్వ గొంతు తనివితీరా వినే రాత కూడా నాకు లేకపోయింది.

ఆ భాండాగారం అమ్మాయి, ఈ పాట అసంపూర్ణమని మా దగ్గర రాసుంది, మిగతాది ఎవరికైనా వచ్చా అని అడిగింది. నేను లేచాను. హాలు నిండా మా వాడే. ఇన్నేళ్లకు వాడంతా ఎదురుగా ఉంది, ఇంకేం కావాలి! అవ్వ కూడా ఇప్పుడు కాదనదు అనుకున్నాను. గొంతు సవరించుకుని "తలుపు తీయరమ్మా" అని ఎత్తుకుని, జవాబు కోసం ఆగాను.

అందరూ ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. నా ఈడువాళ్లు, ఆ మాట దగ్గర నాతో కలిసి గంతులేసినవాళ్లు కూడా ఫోన్లే పట్టుకున్నారు. "ఆపినవేందక్కా, పాడు పాడు, వస్తుంది రికార్డు" అని ముందు వరసలోంచి ఒకాయన చెయ్యి ఊపాడు. నేను కూర్చున్నాను. మరిచిపోయాననుకుని చప్పట్లు కొట్టారు.

అవ్వ నేర్పింది తప్పని అనలేను. కానీ ఆమె మీద కోపం లేదంటే అబద్ధమవుతుంది. ఒక్క నోటికి నేర్పి పోయింది, వాడంతా పాడాల్సిన మాట. ఇప్పటికీ పొద్దున పొయ్యి ముందు ఆ సగం పాడుకుంటాను. పిలుస్తాను, కాసేపు ఆగుతాను, ఇక చేసేదేముంది, "తీసినమమ్మా, రావమ్మా" అని జవాబు కూడా నేనే చెప్పుకుంటాను.