రత్నమ్మక్క రుచి గిన్నెలు

పొద్దున పొయ్యి మీద మొక్కజొన్న రవ్వ వేపుతుంటే కంకి కాల్చినట్టు కమ్మటి వాసన వచ్చింది. ఎవరికైనా ఆకలి పుట్టించే వాసనే. నాకు మాత్రం కాలు ఒకచోట నిలవదు. మంట తగ్గిస్తాను, గుమ్మం దాకా వెళ్లి వస్తాను, మళ్లీ మూత తీసి చూస్తాను. నాకూ షుగరు అంచున ఉందనీ, తెల్లన్నం తగ్గించమనీ డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి రోజూ ఇదే వరస. ఆ వాసన తగిలితే చాలు, రత్నమ్మక్క గుర్తుకొస్తుంది.

రత్నమ్మక్కది తిరువళ్లూరులో బియ్యం మండీ. భర్త పోయాక ఆమే నడిపింది. నేను కడంబత్తూరు నుంచి రోజూ రైల్లో వెళ్లి అక్కడ పని చేసేదాన్ని. కొత్త లోడు వచ్చినప్పుడల్లా మూటకో పిడికెడు బియ్యం తీసి, రకానికో చిన్న గిన్నెలో అంగడి వెనక వండడం నా పని. అంగడి ముందు తన కుర్చీలో కూర్చుని, కూరా చారూ లేకుండా ఒక్కో గిన్నెలోంచి తిని అక్క తీర్పు చెప్పేది. ఒకసారి రెండు ముద్దలు నమిలి, "పాత బియ్యంలో కొత్తవి కలిపినారు. దించొద్దు, తిప్పి పంపించు" అంది. లారీతో వచ్చిన బ్రోకరు, "మిల్లోళ్లకే తెలీనిది నీకెట్ల తెలిసె?" అని ఎగిరాడు. "వాళ్లు అమ్ముతారు. నేను తింటాను గదప్పా" అంది అక్క. ఆమె నోటిని నమ్మే జనం ఆ అంగడికి వచ్చేవాళ్లు.

అలాంటి మనిషికి షుగరు బాగా పెరిగింది. కాలి బొటనవేలి దగ్గర లేచిన పుండు మానడం లేదు. తెల్లన్నం మానెయ్యమన్నాడు డాక్టరు. కొడుకు మురళి, నూకల్లా ఉండే మొక్కజొన్న రవ్వ తెచ్చి, వండే పని నాకే అప్పగించాడు. బుద్ధెరిగాక బియ్యం తప్ప వండని చేతులు నావి. ఎసట్లో పోసి, ఉడికాక అలవాటుగా గంజి వార్చాను. సగం రవ్వ గంజితో పాటే తూములోకి పోయింది. "ఏమే సరోజా, నా సాపాటు కాలవకు పెట్టినావా?" అని అక్క పడీపడీ నవ్వింది. ఆ తర్వాత ఒకటికి మూడు నీళ్లు పోసి, సన్నటి సెగ మీద మూతపెట్టి మగ్గించడం నేర్చుకున్నాను. ఇసుక నమిలినట్టుందని కొన్నాళ్లు సణిగి, వేరుశనగ చట్నీతో మెల్లగా అలవాటు పడింది. ఇంట్లో కొలిచిన కప్పుకు మించి వడ్డించనిచ్చేది కాదు.

అయినా షుగరు దిగలేదు. ఎందుకంటే అంగడిలో రుచి గిన్నెలు ఆగలేదు. మొదట ఒక్కో ముద్దే తినేది. పోనుపోను, "నోరు సచ్చిపోయినట్టుండాది సరోజా, ఇంగో పిడికెడు ఎక్కువ ఎయ్యి" అని అడిగేది. ఆ ముఖం చూసి కాదనలేకపోయేదాన్ని. నాలుగు రకాలు దిగిన రోజు నాలుగు గిన్నెలూ ఖాళీ అయ్యేవి. అది తిండి అని మా ఇద్దరికీ తోచలేదంటే నమ్మండి. తిండంటే ఇంట్లో కంచం ముందు కూర్చుని తినేది. ఇది పని. ఆస్పత్రిలో "అన్నం ముట్టలేదు సారూ" అని ఆమె నిజాయితీగానే చెప్పింది. పక్కన నిలబడిన నాకు మాత్రం ఆ గిన్నెలు గుర్తొచ్చాయి. అయినా డాక్టరుకు చెప్పలేదు.

ఒక సాయంత్రం మురళి రవ్వ సంచీని మూలకు విసిరికొట్టాడు. "ఈ మక్కజొన్నతో ఏమీ కాలేదక్కా. పుండు నల్లబడతా ఉండాది, వేలు తియ్యాలంటాండారు. రేపట్నుంచి అమ్మకు అన్నమే పెట్టు. ఉన్నన్నాళ్లు తృప్తిగా తిననీ" అన్నాడు. చెబితే అక్క కుర్చీ పోతుంది, నా పనీ పోవచ్చు. చెప్పకపోతే ఆమెను ఇంట్లో కూడా అన్నంతోనే చంపుకుంటాం. "తప్పు రవ్వది కాదు మురళీ. అంగట్లో అక్క దినామూ అన్నం తింటా ఉండాది. వండిపెట్టేది నేనే" అనేశాను.

మర్నాటి నుంచి మురళి ఆమెను గిన్నెల దగ్గరికి రానివ్వలేదు. అక్క నాతో మాట మానేసింది. వేలు తీసేశారు. ఆ తర్వాత రవ్వ ఒక్కటే తిన్నది, షుగరు దిగింది, గాయం మానింది. కట్టు పూర్తిగా విప్పిన రోజు నన్ను పిలిపించింది. మంచం అంచున కూర్చుని కాలు నా వైపు చాపింది.

"ముందే చెప్పింటే వేలు నిలిచేది. చెప్పకుండా ఉండింటే కాలే పోయేది. రెండూ నువ్వే సరోజా" అంది. కాలు వెనక్కి తీసుకుని, "రేపు లోడు వస్తాది. ఇంగ నువ్వే తిని చెప్పు" అంది.

అక్క పోయి కొన్నేళ్లయింది. ఆ మాటలో నిష్ఠూరం ఎక్కువా, ప్రేమ ఎక్కువా అని అడిగే ధైర్యం నాకు ఏనాడూ చాలలేదు. ఇప్పటికీ తేల్చుకోలేక సతమతమవుతుంటాను. ఆ కుర్చీలో ఇప్పుడు కూర్చునేది నేనే. మొన్న డాక్టరు ఏం తింటున్నారని అడిగితే ఇంట్లో వండుకునే రవ్వ సంగతి తర్వాత చెప్పాను. ముందు, "రోజూ మూడు నాలుగు గిన్నెల తెల్లన్నం రుచి చూస్తాను సార్" అన్నాను. ఆయన రాసుకుంటూ తలెత్తి, నమిలి ఉమ్మేస్తారా అని అడిగారు.

మింగుతానని చెప్పాను.