ఇరవయ్యో మెట్టు

రావల్కోల్ భిక్షం మేస్త్రి తాను కట్టిన మెట్లను మొదటిసారి కళ్ళు మూసుకుని ఎక్కేవాడు. మెట్లు పోసి, నీళ్ళు కట్టి, చెక్కలు విప్పాక, నెత్తిన ఇసుక తట్ట పెట్టించుకుని, గోడ పట్టుకోకుండా పైదాకా వెళ్ళి మళ్ళీ దిగేవాడు. దిగాక కళ్ళు తెరిచి, "ఇగ మీరు ఎక్కుండ్రి" అనేవాడు. ముప్పై రెండేళ్ళు మెట్లే కట్టాడు. మేడ్చల్ నుంచి కీసర దాకా మెట్లంటే అతన్నే పిలిచేవారు. అతని గొప్ప ఒకటే. "నా మెట్ల మీద ఇంతవరకు ఎవ్వలూ పడలే," అనేవాడు. తాగినవాడు కూడా పడలేదట.

నా పేరు కామేశ్వరి. మాది తణుకు. మా ఆయన రాజారావు బ్యాంకు ఉద్యోగం ధర్మమా అని ఇటు వచ్చి, శామీర్‌పేట చెరువుకు అవతల కొత్త కాలనీలో పోయిన ఏడాది ఇల్లు కట్టుకున్నాం. నా నోరు పెద్దది. పనివాళ్ళ నెత్తిన కూర్చుని కట్టించుకున్నానని కాలనీ అంతా చెప్పుకుంటుంది, అబద్ధమేం కాదు. భిక్షం గురించి చెప్పాలంటే నా గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పక తప్పదు.

అతన్ని మా ఇంటికి తెచ్చింది మా అమ్మాయి ఆట. హరిచందన డిగ్రీ చదువుతోంది. కంప్యూటర్‌లో ఒక గేమ్ ఆడుతుంది. అందులో తుపాకులూ యుద్ధాలూ ఉండవు. బొమ్మ మనుషుల్ని తయారుచేసి, వాళ్ళకు ఇల్లు కట్టి, వండించి, పడుకోబెట్టి, ఉద్యోగాలకు పంపడమే ఆట. "ఇంట్లో ఒక్క గ్లాసు కడగవు గానీ బొమ్మల చేత అంట్లు తోమిస్తావేమే!" అని రోజూ తిట్టేదాన్ని. దానికి సంసారం కంటే మెట్ల పిచ్చి ఎక్కువ. గేమ్‌వాళ్ళు ఇచ్చే తయారు మెట్లు దాని కంటికి ఆనవు. నేల ముక్కల్ని ఒక్కొక్కటీ కాస్త కాస్త ఎత్తు లేపి, వరసగా పేర్చి, సొంత మెట్లు కట్టుకుంటుంది. అలా కట్టిన వాటిలో గోడ వెంట వంపు తిరిగి పైకి వెళ్ళేవి మా ఆయనకు తెగ నచ్చాయి. మనింట్లో ఇవే కట్టిద్దాం అన్నాడు. ఏ మేస్త్రికి చూపించినా "గవి బొమ్మల మెట్లు సార్" అని నవ్వాడు. భిక్షం నవ్వలేదు.

మేం అప్పుడు సైటు ఎదురింట్లోనే అద్దెకుండేవాళ్ళం. సాయంత్రం పని దిగి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, వరండాలో హరి పక్కన కూర్చునేవాడు. మొదటి రోజే తెర మీద వేలు పెట్టి తప్పు పట్టాడు.

"గిది మిగిలినవాటి కంటే పొట్టిగున్నది సూడు బిడ్డా."

"కొంచెమే కదా తాతా. బొమ్మలు ఎక్కుతున్నాయిగా."

"బొమ్మలు ఎక్కుతయేమో. మనిషి కండ్లతోని ఎక్కడు బిడ్డా. మొదటి రెండు మెట్ల కాడ కాలు లెక్క వట్టుకుంటది. ఇగ ఆ లెక్కతోనే పోతది. నడుమల లెక్క తప్పిందనుకో, కాలు మోసపోతది."

హరి ఆ మాటను పట్టుకుంది. ఆ వారమంతా తన పాత మెట్లన్నీ విప్పి మళ్ళీ కట్టింది. ఒకరోజు గేమ్‌లో భిక్షాన్నే తయారుచేసింది: నెరిసిన మీసం, భుజాన తువ్వాలు, కాస్త వంగిన నడుం. అతను చూసి పడీ పడీ నవ్వాడు.

"అరె, గీడు అచ్చం నా లెక్కనే ఉన్నడు గదా! బీడీ ఏది మరి?"

"ఇందులో బీడీలుండవు తాతా."

"గట్లయితే నా కంటే వీడే ఎక్కువ దినాలు బతుకుతడు తియ్."

అందరం నవ్వాం.

సైటులో భిక్షం బొగ్గుతో గోడ మీద ఇరవయ్యొక్క గీతలు గీశాడు. అక్కడ నేను వేలు పెట్టాను. కింది మెట్టు నా ఫ్రిజ్ పెట్టుకునే మూలలోకి వస్తోంది. ఒకటి తగ్గించమన్నాను.

"ఇరవై అయితయమ్మా," అన్నాడు. "ఒక్కో మెట్టుకు ఇంద్రుడు, యముడు, రాజు అని మల్ల మల్ల లెక్కవెడ్తరు గదా. ఇరవై అంటె యముని కాడ ఆగుతది. మీకు పట్టింపు ఉంటె ఇప్పుడే చెప్పుండ్రి. ఇప్పుడైతే ఉత్త గీతలే."

"మాకలాంటి పట్టింపుల్లేవు, కట్టు," అన్నాను. ఫ్రిజ్ ముందు యముడెంత! అతను గీతలు చెరిపి మళ్ళీ గీశాడు. ఒక్కొక్కటి అరడుగు ఎత్తున, ఇరవై సమానమైన అడుగులు. పని పూర్తయ్యాక తట్ట నెత్తిన పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఎక్కి దిగాడు. కింద హరి చప్పట్లు కొట్టింది.

గృహప్రవేశానికి తొమ్మిది రోజులుందనగా మా ఆయనతో పనిచేసే ప్రతాప్ ఇల్లు చూడ్డానికి వచ్చాడు. సగం వాస్తు తెలిసినవాడు. పూర్తిగా తెలిసినవాడి కంటే వీళ్ళే ప్రమాదం. ఇంద్రుడు, యముడు, రాజు అని గొణుక్కుంటూ ఎక్కి, పైన ఆగి, మొహం అదోలా పెట్టాడు. "చివరి అడుగు యముడి దగ్గర పడిందండీ. యజమానికి గండం," అన్నాడు. ఆ ముందు ఏడాదే మా ఆయన గుండెకు స్టెంటు వేశారు. లేని పట్టింపు ఆ క్షణంలో వచ్చి నెత్తిన కూర్చుంది.

భిక్షాన్ని పిలిపించాను. మొత్తం పగలగొట్టి ఇరవయ్యొకటి పోస్తానన్నాడు, నెల పడుతుందన్నాడు. శుభలేఖలు పంచేశాం, ఎలా కుదురుతుంది? ప్రతాపే ఉపాయం చెప్పాడు. పైనుంచి మొదట వచ్చే మెట్టు మీద, దాని వెనక నిలువు భాగానికి ఆనించి, మూడంగుళాల ఎత్తు, నాలుగు వేళ్ళ వెడల్పు రాతి పలక ఒకటి అతికిస్తే లెక్క ఇరవయ్యొకటి అవుతుంది, రాజు దగ్గర ఆగుతుంది.

"వద్దమ్మా," అన్నాడు భిక్షం. "అరడుగు అరడుగు దిగే కాలుకు మూడంగుళాలు తగుల్తె ఏమైతదో మీకెర్కలేదు. అయినా ఇరవయ్యోది గీ పలకనే గదా. యముడు ఎటు పోయిండు? పైన నిలవడ్డోడు కిందికొచ్చి కాళ్ళకడ్డం కూసున్నడు, అంతే."

హరి అప్పటికే గేమ్‌లో ఆ పలక పెట్టి చూసింది. మమ్మల్ని పిలిచి చూపించింది. బొమ్మ భిక్షం పై గది నుంచి వచ్చి, మెట్ల దగ్గర ఆగి, రెండు చేతులూ తల మీదికెత్తి ఊపుతూ అరవడం మొదలుపెట్టాడు. వెనక్కి వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు, మళ్ళీ చేతులు ఊపాడు.

"దారి లేకపోతే ఇలాగే చేస్తారమ్మా," అంది హరి. "ఎన్నిసార్లు పంపినా దిగడం లేదు."

నాకు ఒళ్ళు మండింది. "బొమ్మకేం తెలుసే! దానికి స్టెంటు వేశారా?" అని కంప్యూటర్ మూసేశాను. తరవాత భిక్షం వైపు తిరిగి, అనకూడని మాట అన్నాను. "రేపు మా ఆయనకు ఏమైనా అయితే నువ్వు తెచ్చిస్తావా?"

అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఇక వాదించలేదు. గృహప్రవేశం కాగానే మొత్తం పగలగొట్టి ఇరవయ్యొకటి పోయడానికి ఒప్పుకుంటేనే పలక పెడతానన్నాడు. ఒప్పుకున్నాను. మర్నాడు పలక అతికించి, పక్కన కమ్మీకి ఎర్రగుడ్డ ఒకటి కట్టాడు. పనివాళ్ళకూ మాకూ ఒకటే చెప్పాడు: "గుడ్డ కనవడంగనే ఆగుండ్రి. ఆగి, సూసి, కాలు పెట్టుండ్రి." తనూ అలాగే చేసేవాడు. ఆ మెట్లను మాత్రం మళ్ళీ కళ్ళు మూసుకుని ఎక్కలేదు. నేను అది గమనించాను. గమనించి కూడా ఊరుకున్నాను.

గృహప్రవేశం నాటి పొద్దున్న ఫొటోలవాడు మెట్ల మీద లైట్లు పెట్టాడు. మల్లెదండలు చుట్టిన కమ్మీకి సిమెంటు మరకల ఎర్రగుడ్డ. చీదరగా అనిపించింది. విప్పి చెత్తబుట్టలో పడేశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన విషయమని కూడా తోచలేదు.

ఇల్లు కట్టిన మేస్త్రికి బట్టలు పెట్టడం మా ఆచారం. పై గదిలో వ్రతం అయ్యాక భిక్షానికి పంచె, కండువా పెట్టాం. అక్కడే కట్టుకున్నాడు. గంజి పెళపెళలాడే కొత్త పంచెలో సిగ్గుపడుతూ నిలబడితే వాళ్ళావిడ మైసమ్మ కిందనుంచే, "పెండ్లికొడుకు జల్దీ దిగు, సూస్త!" అని ఎగతాళి చేసింది. అతను నవ్వుతూ మెట్ల దగ్గరికి వచ్చాడు. చూపు ఆమె మీదే ఉంది. చూపు అంచుకు ఎర్రగా తగలాల్సింది తగల్లేదు. కాలు దాని లెక్కన అది దిగింది.

నేను కింద హాల్లో పళ్ళెం పట్టుకుని ఉన్నాను. ఒక చిన్న చప్పుడు, తరవాత చాలా చప్పుళ్ళు. మల్లెదండ పట్టుకున్నాడు, తెగింది. ఆఖరి మెట్టు దగ్గర, నా ఫ్రిజ్ పక్కన పడి ఉన్నాడు. పంచె మీద పసుపు బొట్టు ఇంకా తడిగానే ఉంది.

తుంటి విరిగింది, తలకు దెబ్బ తగిలింది. మేడ్చల్‌లో చూపించి, సిటీకి తీసుకెళ్ళాం. ఎవరడిగినా "కొత్త పంచె తట్టుకున్నది" అన్నాడు. పలక మాట ఎత్తలేదు, నా పేరు ఎత్తలేదు. నేను వెళ్ళినప్పుడు గదిలో ఇంకెవరూ లేరు. ఏడుపు ఆపుకోలేక, "గుడ్డ నేనే విప్పాను భిక్షం," అని చెప్పేశాను.

"ఎర్కనే అమ్మా," అన్నాడు మెల్లగా. "పలక పెట్టిన చెయ్యి నాది గదా. అక్కడున్నదని నాకు ఎర్కనే గానీ, కాళ్ళకు ఎర్కలేకపాయె." మళ్ళీ అన్నాడు, "ఇగ నా మెట్ల మీద ఎవ్వలూ పడలే అని అనరాదు గదా."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ అనేది. కడుక్కోవడానికి నీళ్ళెక్కడున్నాయి? పదకొండో రోజు భిక్షం పోయాడు.

దినం నాడు అతని ఊరు రావల్కోల్ వెళ్ళాం. కూలీల అడ్డా నుంచి వచ్చిన వాళ్ళు గోడ పక్కన కూర్చుని మాట్లాడుకుంటున్నారు. "తన మెట్ల మీద తనే పడి సచ్చిండట. ముప్పై ఏండ్లు మస్తు గొప్పలు జెప్పిండు." మైసమ్మ వింటోంది. తల దించుకుని నా చెయ్యి పట్టుకుని, "గా మాటకే మస్తు ఏడ్చిండమ్మా. నొప్పికి ఏడ్వలే," అంది. లేచి నిలబడి నిజం చెబుదామనుకున్నాను. ఊరందరి మీదా లేచే ఈ నోరు ఆ రోజు లేవలేదు. సిగ్గులేని దాన్ని, పెట్టింది తిని వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి చెప్పులైనా విడవకుండా హరి కంప్యూటర్ తెరిచింది. నెల తరవాత తెరవడం. బొమ్మ భిక్షం మేము వదిలిన చోటే, మెట్లపైన, రెండు చేతులూ ఎత్తి ఊపుతున్నాడు. హరి పలక మీద ఒకసారి నొక్కి తీసేసింది. అతను చేతులు దించాడు. టకటకా ఇరవై మెట్లూ దిగి, వరండాలోకి వెళ్ళి కూర్చున్నాడు. హరి నా వైపు చూసింది. నన్ను తిట్టినా బాగుండేది.

భిక్షం సుత్తి మా ఇంట్లోనే ఉండిపోయింది. తీసుకుని పైకి వెళ్ళాను. మా ఆయన వెనకాలే వచ్చి, "ప్రతాప్‌ని ఒక మాట అడుగుదాం, మళ్ళీ యముడి దగ్గర ఆగుతుందేమో," అన్నాడు. "ఆగనీండి!" అని అరిచాను. నా మొగుడి మీద అలా అరవడం పాతికేళ్ళలో అదే మొదలు. ఎన్ని దెబ్బలు వేశానో తెలియదు. అరచేతులు బొబ్బలెక్కాయి. పలక రెండు ముక్కలై ఊడి వచ్చింది. కింద భిక్షం పోసిన మెట్టు గీత కూడా పడకుండా ఉంది.

ఆ ముక్కలు సంచిలో వేసుకుని మర్నాడు పొద్దున్నే కూలీల అడ్డాకు వెళ్ళాను. మా ఆయన ఇప్పటికీ మెట్లు దిగుతుంటే నా గుండె గుబగుబలాడుతూనే ఉంటుంది, ఆ భయం పోలేదు. కానీ ఆ రోజు అడ్డాలో ఉన్న నలభై, యాభై మంది ముందు ముక్కలు కింద పడేసి, గొంతు చించుకుని చెప్పాను. "ఇదీ ఆ పలక. వద్దు వద్దంటున్నా పెట్టించింది నేను, గుడ్డ విప్పింది నేను. భిక్షం కట్టిన మెట్ల మీద ఇంతవరకు ఎవ్వరూ పడలేదు. ఆయన పడింది నా మెట్టు మీద."