వదిన చలికోటు

టేపక్క పాత కోటు కుట్లు విప్పుతోంది. ఎడమ బొటనవేలితో గుడ్డను బిగలాగి పట్టుకుని, సగానికి విరిచిన బ్లేడు మొనతో మూడు కుట్లకొకటి చొప్పున తెంపుకుంటూ పోతోంది. అలా తెంపి దారం కొస లాగితే ఆ వైపు మొత్తం ఊడివస్తుంది, గుడ్డకు గాటు పడదు. కోటు పాతబట్టల దుకాణంలో దొరికింది. ఎవరో ఎత్తయిన మగవాడిది. జేబులో తెలియని లిపిలో అచ్చయిన బస్సు టిక్కెట్టు కూడా ఉంది. భుజం ఊడింది, చెయ్యి ఊడింది, లోపలి దూది బయటపడింది. ఒక్కో ముక్కనూ నేలమీద పరిచి, పక్కన సుద్దతో నంబరు వేసింది.

ఆమె పని నేర్చుకున్నది ఇలాగే. ఎవరి దగ్గరా కూర్చోలేదు. పదిహేడేళ్ళప్పుడు తన మంచి గౌను విప్పి, ముక్కల్ని పాత క్యాలెండరు కాగితాల మీద గీసుకుని, మళ్ళీ కుట్టింది. మూడుసార్లు చెడింది. నాలుగోసారి కొన్నప్పటికంటే బాగా కుదిరింది. ఆ తరువాత ముప్పై ఏళ్ళుగా ముందుగదిలో కిటికీ పక్కన ఆ మిషను, మెడలో ఆ టేపు. నిద్రలో కూడా తియ్యదని వీధిలో చెప్పుకుంటారు. అందుకే టేపక్క. ఆమె కుట్టిందంటే ఒంటికి పోతపోసినట్టు ఉండాల్సిందే. గూని ఉన్నవాళ్ళు, ఒక భుజం జారినవాళ్ళు, రెడీమేడు దుకాణాలు తిరిగి తిరిగి విసిగినవాళ్ళు చివరికి ఆమె గుమ్మమే ఎక్కుతారు.

ఈసారి గుమ్మం ఎక్కింది ఇంట్లో మనిషే, భర్తకు అక్క. వీధి చివర మోటార్ల కార్ఖానాలో ఇరవయ్యారేళ్ళుగా వైండింగు పని ఆమెది. కాలిపోయిన మోటారు విప్పి, పాత తీగ తీసేసి, వెంట్రుకలాంటి రాగితీగను లెక్క తప్పకుండా చేత్తో చుడుతుంది. ఆ కార్ఖానా వాళ్ళు ఒకప్పుడు ఒక చలిదేశపు మిల్లుకు అమ్మిన మోటార్లు ఇప్పుడు పాతబడ్డాయి. వాటిని మళ్ళీ చుట్టడం అక్కడివాళ్ళకు చేతకావడం లేదు. మనిషిని పంపండి, మూడు నెలలు ఉండి నేర్పాలి అని రాశారు. ఆ రకం చుట్టు వచ్చింది వదినకే.

చిక్కు ఆమె ఎడమ మోచేతితో వచ్చింది. పన్నెండేళ్ళ క్రితం మెట్ల మీంచి పడి విరిగింది. అతికింది గానీ పూర్తిగా సాగదు, కొడవలిలా వంగే ఉంటుంది. పనికి అడ్డు రాదు, చలి తగిలితే మాత్రం బిగుసుకుపోతుంది. మేనేజరు గదిలో ఏసీ కింద పావుగంట కూర్చున్నా వేళ్ళు మాట వినవు. ఆ సంగతి మేనేజరుకూ తెలుసు. మర్యాదగానే చెప్పాడు. అక్కడ సున్నాకు పదిహేను డిగ్రీలు కింద ఉంటుంది, వెళ్ళాక చెయ్యి పనిచెయ్యకపోతే మనందరి పరువూ పోతుంది, సగం నేర్చినా సరే కుర్రవాణ్ణి పంపుదాం అన్నాడు. వదిన పన్నెండు రోజులు గడువు అడిగింది. పన్నెండో రోజున ఎవరి పేరుతో టిక్కెట్టు కొనాలో తేలిపోవాలి.

యాభై నాలుగేళ్ళ వయసులో ఆమెకది మొదటి విదేశీ ప్రయాణం. అయినా కంగారు లేదు. మోటారు విప్పే ముందు గుర్తులు పెట్టుకున్నట్టే అన్నీ అడిగి రాసుకుంది. బస నుంచి మిల్లుకు నడక ఎంతసేపు? ఇరవై అయిదు నిమిషాలు. మిల్లు లోపల వెచ్చగా ఉంటుందా? ఉంటుంది. ప్లగ్గు పిన్నులు గుండ్రమా, పలకా? గుండ్రం. కత్తెర, పలచటి చాకు చేతి సంచిలో పెట్టనివ్వరు, పెద్ద పెట్టెలోకి పోవాలి. ఆ భాషలో పది మాటలు కూడా నేర్చి చీటీ మీద రాసుకుంది. వ్యాను నడిపే తమ్ముడు, అంటే టేపక్క భర్త, ఆ చీటీ చూసి నవ్వాడు. 'కరెంటు తీసెయ్యి', 'తొందరపడకు', 'మళ్ళీ చుట్టు', అన్నీ ఇలాంటివే.

"థాంక్సు ఏదే అక్కా?" అన్నాడు.

"ముందు కరెంటు తీసెయ్యడం వస్తే, థాంక్సులు చెప్పుకోడానికి ఇద్దరం బతికుంటాం."

రెడీమేడు కోట్లు మూడు తొడిగి చూశారు. చేతులన్నీ నిట్టనిలువుగా కుట్టినవే. వదిన మోచేతి దగ్గర గుడ్డ కుప్పపడి, అంచు మణికట్టు పైకి ఎగిరిపోయేది. ఎక్కడైతే చలి తగలకూడదో సరిగ్గా అక్కడే కిటికీ తెరిచినట్టయింది. మూడో కోటు విప్పుతూ ఉండగా టేపక్క, నేను కుడతాను వదినా, అంది. భర్త పకపకా నవ్వాడు. చలికాలం వస్తే ఫ్యాను ఒక నంబరు తగ్గించుకునే మనుషులం మనం, నువ్వు మంచుకు కోటు కుడతావా, అన్నాడు. మర్నాడే టేపక్క పాతకోటు కొని, ఇదుగో, ఇలా విప్పడానికి కూర్చుంది.

విప్పితే అర్థమైంది. పైన గాలి దూరని గుడ్డ, మధ్య దూది, లోపల మెత్తటి గుడ్డ, దూది జారకుండా అడ్డంగా కుట్లు. పైకి గొడుగులకు వాడే నేతగుడ్డ రెండు పొరలు తెచ్చింది, లోపలికి దుప్పట్లలో వేసే పాలిస్టరు దూది. అయిదు రోజుల్లో కోటు తయారయింది. చూసినవాళ్ళు నోరు తెరిచారు. నడుము దగ్గర ముడత లేదు. వంకర చేతికి సరిగ్గా వంకర చెయ్యి, కుట్టు మీద కుట్టు అచ్చుగుద్దినట్టు. ముప్పై ఏళ్ళలో ఇంత బాగా కుదిరిన బట్ట తాను కుట్టలేదని టేపక్క కూడా అనుకుంది. అది నిజమే.

పరీక్ష చెయ్యకుండా పంపడానికి వీల్లేదని వదినే అంది. చుట్టిన మోటారుకు కరెంటు పెట్టి చూడకుండా ఇస్తామా? తమ్ముడి వ్యాను చేపల పెట్టెలు దింపే కోల్డు స్టోరేజీ ఉంది. సూపర్వైజరుతో అతను మాట్లాడాడు. ఆరో రోజు మిట్టమధ్యాహ్నం, బయట తారు మెత్తబడే ఎండలో, వదిన కోటు వేసుకుని ఆ గదిలోకి వెళ్ళింది. టేపక్క భర్తవి రెండు స్వెట్టర్లు తొడుక్కుని వెంట నడిచింది. సరిగ్గా ఇరవై అయిదు నిమిషాలు, గోడ నుంచి గోడకు నడిచారు. బయటికి వచ్చి బల్ల దగ్గర కూర్చుని వదిన తీగ చేతిలోకి తీసుకుంది. నూరు చుట్లు చుట్టాలి. ముప్పై ఎనిమిదో చుట్టు దగ్గర తెగింది. మళ్ళీ మొదలుపెడితే పన్నెండో చుట్టులోనే తెగింది. ఎడమ చేతి వేళ్ళు తీగను పట్టి ఉంచలేకపోతున్నాయి. మోచెయ్యి రాయిలా ఉంది.

వదిన తీగ బల్లమీద పెట్టింది. ఆమె నోరు మామూలుగానే పదును.

"కొలతలు బాగున్నాయే మరదలా. శవాన్ని కూడా ఇంత బిగించి చుట్టరు."

టేపక్కకు ముఖం కాలినట్టయింది. ఇంటికొచ్చాక వదిన అన్నం దగ్గర తలెత్తకుండా, రేపు మేనేజరుకు చెప్పేస్తాను, కుర్రవాణ్ణి పంపమని, అంది. ఆ మాటలో కోపం లేదు. అందుకే వినడం ఇంకా కష్టమైంది.

"ఇంకా ఆరు రోజులున్నాయి వదినా. గడువు తీరకముందే బట్ట వెనక్కిచ్చే అలవాటు నాకు లేదు," అంది టేపక్క.

మర్నాడు పొద్దున్నే ఒక్కతే కోల్డు స్టోరేజీకి వెళ్ళింది. అక్కడ ఇరవై ఏళ్ళుగా పెట్టెలు మోసే పెద్దాయన ఉన్నాడు. అందరూ ఐసు బాబాయి అంటారు. ఆయన వేసుకున్న కోటు చూస్తే టేపక్కకు ఒళ్ళు మండింది. కోటు కాదది, గోనెసంచి. భుజాలు జారి, పొట్ట దగ్గర ఇంకో మనిషి పట్టేంత ఖాళీ. ఆమె చూస్తుండగానే ఆయన చెయ్యి మొత్తం లోపలికి లాక్కుని, తీరుబడిగా వీపు గోక్కుని, మళ్ళీ కోటు చేతిలోకి దూర్చాడు.

"బాబాయ్, ఆ కోటు నీ కొలతది కాదు కదా," అంది ఉండబట్టలేక.

"నా కొలత దానికెందుకమ్మా. ఇది చలి కొలతది." ఆయన ఆమె చేతిలోని కోటు తీసుకుని, దూది ఉన్నచోట రెండు వేళ్ళతో నొక్కి చూశాడు. "దూది ఉబ్బి ఉంటేనే దూది. బిగిస్తే మామూలు గుడ్డే. నువ్వు ముచ్చటగా కుట్టి దాని పీక నొక్కేశావు. నా మొదటి కోటూ ఇంతే. ఒక దర్జీ పెళ్ళికొడుకు కోటులా కుట్టాడు."

"ఏం చేశావు దాన్ని?"

"అదుగో, తలుపు పిడికి చుట్టాను. చేతులు అంటుకోకుండా బాగా పనికొస్తోంది."

టేపక్క ఆ పిడి వంక చాలాసేపు చూసింది. కుట్టు శుభ్రంగానే ఉంది.

ఇంటికొచ్చి మెడలోంచి టేపు తీసి మిషను మీద పెట్టింది. గొప్ప పనివాళ్ళలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. తమకు పేరు తెచ్చిన పనినే తప్పని ఒప్పుకోవడం కంటే, చలిది తప్పని చెప్పడం తేలిక. టేపక్క కత్తెర తీసి, ముప్పై ఏళ్ళలో ఇంత బాగా కుదిరిన బట్ట లేదనుకున్న ఆ కోటును వెన్ను మధ్యలో రెండుగా కోసేసింది. కుట్లు విప్పడానికి కూడా సమయం లేదు.

వదినను పిలిచి రెండు స్వెట్టర్లు తొడిగించింది. ఈసారి నిలబెట్టి కొలవలేదు. నడవమంది, పైన అటక అందుకోమంది, బల్ల దగ్గర కూర్చుని ఉత్త చేతులతో తీగ చుట్టమంది. ఒక్కో కదలికలో ఎక్కడ గుడ్డ లాగుతుందో సుద్దతో స్వెట్టరు మీదే గీసింది. తరువాత టేపు మళ్ళీ మెడలో వేసుకుంది. గోనెసంచి కుట్టడం ఆమెకు చేతకాదు, కుట్టనూ కుట్టదు. వదులుకూ కొలత ఉంటుంది. వీపుకు నాలుగు వేళ్ళు, చంకలో మూడు, మెడ దగ్గర ఒక్కటే. మెడ వదులైతే లోపలి వెచ్చదనమంతా అక్కడినుంచే పోతుంది.

మోచెయ్యి మాత్రం రెండు రోజులు తినేసింది. కోటు చేతిని నిలువుగా కాకుండా రెండు ముక్కలుగా కత్తిరించింది. వెలుపలి ముక్క పొడుగు, లోపలి ముక్క పొట్టి. కుట్టాక అది వదిన చెయ్యిలాగే వంగి నిలబడింది. లోపలి మడతలో గుడ్డ కుప్పపడదు, బయటి వైపు దూది నలగదు. చంకలో నలుచదరపు గుడ్డముక్క పెట్టింది. చెయ్యెత్తితే కోటు మొత్తం పైకి లేవకూడదు. అడ్డకుట్లు ఇంతకుముందు అన్ని పొరల్నీ కలిపి వేసింది. ఆ సూదిదారి పొడుగునా దూది అణగి, గాలికి బాట పడింది. ఇప్పుడు దూదిని రెండు పలచటి పొరలుగా విడివిడిగా కుట్టి, ఒక పొర కుట్టు మీద రెండో పొర దూది వచ్చేలా జరిపి అమర్చింది. మణికట్టు దగ్గర ఏం పెట్టాలో తోచక ఒక పూట పోయింది. చివరికి బడిపిల్లల ఉన్ని మేజోళ్ళు కొని, పై పట్టీలు కోసి లోపల కుట్టింది. చెయ్యి దూర్చగానే అవి మణికట్టును కరిచి పట్టుకుంటాయి. జిప్పు వెనక నాలుగు వేళ్ళ పట్టీ వేసింది.

భర్త నవ్వడం మానేసి దారాలు అందించాడు. బంధువుల్లో ఒకావిడ వచ్చి చూసి, మొదటిదే అందంగా ఉంది కదమ్మా, దీంట్లో వదిన పరుపులా కనిపిస్తుంది, అంది.

"పరుపులోనే కదా వెచ్చగా ఉండేది," అంది టేపక్క, పెదాల మధ్య గుండుసూదులు ఉండగానే.

పదకొండో రోజు మధ్యాహ్నం మళ్ళీ కోల్డు స్టోరేజీ. ఈసారి మేనేజరును కూడా వదినే రమ్మంది. తప్పితే ఆయన కళ్ళముందే తప్పాలి, తరువాత ఒకరు చెప్పేది ఒకరు వినడం ఎందుకని. ఆయన పొట్టిచేతుల చొక్కాతో వచ్చి, గది ఎలా ఉందో చూద్దామని లోపలికి నడిచి, రెండో నిమిషంలో చేతులు చంకల్లో పెట్టుకుని బయటపడ్డాడు. వదిన లోపల నడుస్తూనే ఉంది. తలుపులోని చిన్న అద్దంలోంచి చూస్తే నీలం కోటు వస్తూ, పోతూ కనిపిస్తోంది. ఇరవై అయిదు నిమిషాలు అయినా ఆమె రాలేదు. టేపక్క తలుపు కొట్టింది. ఇంకో అయిదు నిమిషాలు అని లోపలినుంచి వేళ్ళు చూపించింది వదిన.

బయటికి వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. చేతి తొడుగులు తీసింది. ఎడమ చెయ్యి ఒకసారి ముడిచి, విప్పి, తీగ పట్టుకుంది. ఐసు బాబాయి కూడా పెట్టె దింపి నిలబడ్డాడు. ముప్పై ఎనిమిది దాటింది. యాభై దాటాక వదిన వేగం పెంచింది. నూరు అయ్యాక ఆగకుండా నూట యాభై చుట్టి, చుట్ట విడదీసి, మేనేజరు అరచేతిలో పెట్టింది. ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి అటూ ఇటూ తిప్పాడు. పని తెలిసినవాడే, తప్పు వెతికాడు. దొరకలేదు.

"పాస్‌పోర్టు రేపు పొద్దున్నే తెచ్చివ్వండమ్మా. టిక్కెట్టు మీ పేరునే తీస్తాను," అన్నాడు.

ఐసు బాబాయి కోటు చెయ్యి పట్టుకుని, మోచేతి దగ్గర నొక్కి, వదిలాడు. దూది మళ్ళీ ఉబ్బింది. నాకూ ఒకటి కుట్టవూ, అన్నాడు. వరసలో రావాలి బాబాయ్, అంది టేపక్క.

ప్రయాణం రోజు వరకూ కోటు ఆమె దగ్గరే ఉంది. తీరని పనులు ఇంకా మిగిలాయి. పాస్‌పోర్టు కొలతకు లోపలి జేబు, దానికి బొత్తాం. బస చిరునామాను ఆ దేశపు లిపిలో పెద్ద అక్షరాలతో గుడ్డ మీద గీయించి, ఎడమ వైపు లోపల కుట్టింది. దారి తప్పితే విప్పి చూపిస్తే చాలు, నోరు విప్పక్కర్లేదు. కోటును పెట్టెలో పెట్టకుండా చేతిమీద వేసుకుని ఎక్కాలని ముందే అనుకున్నారు, పెట్టె బరువు కలిసొస్తుందని.

ఆ ఉదయం తమ్ముడు పెట్టెను వ్యానులో ఎక్కిస్తుంటే, టేపక్క చివరి దారం కొసను పళ్ళతో కాకుండా కత్తెరతో కత్తిరించి, కోటు దులిపి, వదినకు అందించింది. వదిన వెంటనే వేసుకోలేదు. లోపలి వైపు బయటికి తిప్పి, కిటికీ దగ్గరకు వెళ్ళి, కళ్ళద్దాలు పెట్టుకుని, చుట్టిన మోటారును చూసినట్టు చూసింది. మోచేతి కుట్టు వెంట బొటనవేలు మెల్లగా నడిపించింది. వ్యాను హారన్ మోగింది. ఆమె తొందరపడలేదు.

"జాయింటు ఎక్కడుందే? నా వేలికి దొరకలేదు," అంది.

ఇరవై ఆరేళ్ళలో కార్ఖానాలో ఎవరి పనినీ ఆమె అలా మెచ్చుకోగా విన్నవాళ్ళు లేరు.

"దొరక్కూడదు వదినా," అంది టేపక్క.

వదిన కోటు మడిచి, వంగిన ఎడమ చేతిమీద వేసుకుని, వ్యాను ఎక్కింది.