కొంగుల్లో దాచిన చుట్టకుదుళ్ళు

కరోనా తగ్గిన మరుసటి వేసవిలో సహాయ కార్మిక అధికారిగా పుంగనూరు నుంచి మదనపల్లెకు వచ్చాను. అదే నా ఆఖరి పోస్టింగు అనుకున్నాను. ఒక టమోటా మండీలో ఆడవాళ్ళకు మగవాళ్ళ కూలిలో సగమే ఇస్తున్నారని పేరు లేని ఫిర్యాదు అందింది. ఒకే పనికి ఆడా మగా తేడా లేకుండా ఒకే కూలి ఇవ్వాలన్నది చట్టం. పనులు వేరని చూపిస్తే మాత్రం యజమాని తప్పించుకుంటాడు.

తనిఖీకి వెళ్ళేసరికి అంతా సర్దేసి ఉంది. ఆడవాళ్ళు కింద కూర్చుని కాయలు ఏరుతున్నారు, మగవాళ్ళు బాక్సులు లారీకి ఎక్కిస్తున్నారు. "మా ఆడోళ్ళు బరువు మోసేదే లేదు మేడమ్," అన్నాడు యజమాని. తర్వాత గొంతు తగ్గించి, "కుప్పంలో మీ పోస్టు ఖాళీగా ఉండాదంట కదా," అని నవ్వాడు. రిటైర్మెంటు ముందు బదిలీ అంటే నాకూ భయమే, అబద్ధమెందుకు.

వాంగ్మూలం తీసుకోవాలంటే పేరు, సంతకం ఉండాలి. నాగరత్నమ్మ అనే కూలీని పక్కకు పిలిచాను. "నా పేరు రాయొద్దమ్మా. కలకడ నుంచి వస్తాండాను. ఈడ పని పోతే పిల్లోళ్ళకు కూడుండదు," అంది.

ఇంతలో నేనెవరో తెలియని లారీ డ్రైవరు, "నాగరత్నక్కా, యాల నిలబడిపోతివి? ఎత్తు, బండి కదలాల!" అని అరిచాడు. ఆమె చెయ్యి అలవాటుగా కొంగులోకి పోయింది. పాత చీరగుడ్డ చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని, బాక్సు ఎత్తుకుని నడిచింది. కొంత దూరం పోయాకగాని ఏం చేసిందో ఆమెకే తెలియలేదు. అక్కడే కొయ్యబారిపోయింది. యజమాని ఆమెనే చూస్తున్నాడు.

నేను చూసింది రాసుకుపోతే కేసు నిలుస్తుంది. ఆమె పని నిలవదు. "మిగతావాళ్ళూ ఎత్తండమ్మా, చూస్తాను," అన్నాను. ఎవరూ కదల్లేదు. నాగరత్నమ్మ నెత్తి మీద బాక్సు అలాగే ఉంది. చివరికి ఒక ముసలామె మోకాళ్ళు పట్టుకుని లేచి, "ఎంతసేపని దాస్తామప్పా," అంటూ తన కుదురు బయటికి తీసింది. ఆపైన ఒక్కొక్కరే లేచి బాక్సులెత్తారు.

రిపోర్టులో ఎవరి పేరూ రాయలేదు. ఆడ కూలీలంతా లోడింగు చేస్తుండగా స్వయంగా చూశానని రాశాను. సీజన్లో అందరినీ ఒక్కసారి తీసేస్తే కాయ మండీలోనే కుళ్ళిపోతుంది, అది యజమానికి బాగా తెలుసు. నోటీసు అందాక కూలి సమానం చేశాడు. నాగరత్నమ్మ పనిలోనే ఉంది.

నా బదిలీ ఉత్తర్వూ వచ్చింది. కుప్పంలో రిటైరయ్యేదాకా ఏ తనిఖీలోనూ ఒక మనిషిని ఒంటరిగా పక్కకు పిలవలేదు. అడగాల్సింది అందరినీ కలిపే అడిగాను.